ముట్టెయ్య సుద్ద చారలు

ఒక పెద్ద అడవిలో (పెద్దదని అందరూ అనడమే తప్ప కొలిచినవాడు లేడు లెండి) ఒక పటాలం ఉండేది. దానికి కర్నల్ పులి. నిజంగా నడిపేది మాత్రం హవల్దార్ ముట్టెయ్య అనే అడవిపంది.

ఎక్కడ ఊబి ఉందో ముందు తనే దిగి చూసేవాడు. ఎవడి కాలికి ముల్లు గుచ్చుకుందో, ఎవడు మేత ముట్టలేదో ముట్టెయ్యకు తెలుసు. పొద్దస్తమానం తిట్టేవాడు. ఆ తిట్లు వినబడకపోతే జవాన్లకు ముద్ద దిగేది కాదు.

ఒకరోజు పులి ఆర్డరు వేసింది. "ఇకనుంచి ఒంటిమీద చారలున్నవాడికే హోదా. నా తర్వాత ఎక్కువ చారలున్నవాడే సుబేదార్ మేజర్!"

ముట్టెయ్య తన ఒళ్ళు చూసుకున్నాడు. నల్లటి వెంట్రుకలు, ఎండిన బురద. ఇన్నేళ్ళు చాకిరీ చేసి, చివరికి ఎవడి ముందో చేతులు కట్టుకుని నిలబడాలా?

సుద్దమట్టి తెచ్చి, పెళ్ళాం చిట్టెమ్మ చేత వీపు నిండా చారలు గీయించుకున్నాడు.

"ఏమయ్యా, పుట్టినప్పుడు నీ ఒళ్ళంతా చారలేగా! మన పిల్లలకీ ఉన్నాయి చూడు. పెరిగితే అవే పోతాయి. అప్పుడు నీకెవడైనా సెల్యూట్ కొట్టాడా?" అంది చిట్టెమ్మ.

"అప్పుడు నాకు హోదా విలువ తెలీదే," అన్నాడు ముట్టెయ్య, నవ్వకుండా.

తెల్లారేసరికి సుబేదార్ మేజర్ అయిపోయాడు. అబ్బో, ఏం దర్జా! కానీ బురదలో దిగితే చారలు పోతాయి. వీపు దురద పెట్టినా చెట్టుకు రుద్దుకునే వీల్లేదు. గట్టిగా తిడితే ఒళ్ళదిరి సుద్ద రాలుతోంది. అందుకని తిట్లు కూడా బంద్. 'ఛీ, సున్నం కొట్టిన గోడనైపోయాను' అనుకున్నాడు. అనుకుంటూనే ఛాతీ ఇంకాస్త ముందుకు పెట్టాడు.

వానలు వెలిశాక పటాలం వాగు దాటాల్సి వచ్చింది. ఆ వేడుక చూడ్డానికి చిట్టెమ్మ కూడా పిల్లల్ని వెంటేసుకుని వచ్చింది.

"దారి బాగుందా, మేజర్?" అని అడిగింది పులి.

ముట్టెయ్య ఒడ్డు మీదే నిలబడి వాసన చూశాడు. ఏదో తేడాగా ఉంది. దిగితే తెలుస్తుంది. దిగితే చారలు పోతాయి.

"బ్రహ్మాండంగా ఉంది సార్!" అన్నాడు.

ముందు నడిచిన ఎలుగు జవాను భల్లన్న నడుందాకా కూరుకుపోయాడు.

"హవల్దార్ గారూ! ఒక్క తిట్టు తిట్టండి, ఎటు కదలాలో తెలుస్తుంది!" అని గోలపెట్టాడు.

ముట్టెయ్య సిగ్గుతో చచ్చిపోయాడు. "ఒరే దున్నపోతా! కొట్టుకోకురా! బోర్లా పడుకుని ఎడమకి పాకి చావు!" అని అరుస్తూ దభీమని దూకాడు. ముట్టెతో తోసి తోసి భల్లన్నను ఒడ్డెక్కించాడు. పటాలమంతా సంబరంగా కేకలేసింది.

పులి మాత్రం అటూ ఇటూ చూసింది. "నా సుబేదార్ మేజర్ ఏడీ?"

"నేనే సార్," అన్నాడు ముట్టెయ్య, బురద కారుతూ.

"చారలేవి? ఆర్డరంటే ఆర్డరే!"

చిట్టెమ్మ వెనకాల పాలకోసం గునుస్తున్న పసిపంది పులి కంటబడింది. దాని ఒంటినిండా చారలే, అసలు సిసలైనవి.

మర్నాటి పరేడ్‌లో కొత్త సుబేదార్ మేజర్‌గారు తల్లిపాలు తాగుతూనే సెల్యూట్ అందుకున్నారు. అందరికంటే గట్టిగా కొట్టింది తండ్రే.

"దొరగారూ, పెద్దయ్యాక ఈ చారలు పోతాయి. కంగారు పడకండేం," అని కొడుకు చెవిలో చెప్పి, ముట్టెయ్య దారి చూడ్డానికి బురదలోకి దిగాడు.

నీతి: సెల్యూట్ మాత్రం చారలకే కొట్టండి, వాగు దాటేటప్పుడు బురద పూసుకున్నవాడి వెనకాల నడవండి.