ఆలస్యానికి కారణమైన చివరి పెట్టె

ఒక దేశం ఎంత నాగరికమైందో తెలుసుకోవాలంటే దాని వంతెనలూ ఆకాశహర్మ్యాలూ చూడనక్కర్లేదు. ఆరేళ్ళ పిల్ల బడికి ఆరు నిమిషాలు ఆలస్యంగా వస్తే నింపాల్సిన ఫారం ఎన్ని పేజీలుందో చూస్తే చాలు. ఆ లెక్కన న్యూజెర్సీలో, పిస్కాటవేకి కాస్త ఇవతలున్న ఎల్డర్‌బ్రూక్ అనే చిన్న ఊరు ప్రపంచ నాగరికతకు శిఖరం. అక్కడి ఫారం పదకొండు పేజీలు.

ఆ పదకొండు పేజీలూ గిరిజకు కంఠతా వచ్చు. గిరిజ ఉండే అపార్ట్‌మెంట్లకూ, ఆమె కూతురు నైనిక ఫస్ట్ గ్రేడ్ చదివే బడికీ మధ్య ఒక రైల్వే గేటు ఉంది. బడి గంట ఎనిమిదీ పదికి. గూడ్సు బండి ఏడూ యాభైకి వస్తుంది. నూట ఇరవై పెట్టెలు, ఒక్కోసారి నూట నలభై. సగం దాటాక ఇంట్లో ఏదో మర్చిపోయినట్టు ఆగుతుంది, గుర్తొచ్చాక కదులుతుంది. (ముందే బయల్దేరి అవతలికి చేరుకోవచ్చు కదా అని పాఠకులు అడగవచ్చు. ఏడూ యాభై అయిదు కాకముందే బడి వీధిలో కారు ఆపడం నేరం. దానికి వేరే ఫారం ఉంది.) స్కూలు బస్సు రెండు మైళ్ళ అవతలి వాళ్ళకే. గిరిజ ఇల్లు మైలున్నర.

మొదట్లో ఆమె కారణం అన్నచోట 'రైలు' అని రాసేది. తొమ్మిదిసార్లు రాసింది. తొమ్మిదీ 'వివరణ చాలదు' అన్న ముద్రతో తిరిగొచ్చాయి. పదోది కూడా అలాగే వస్తే కుటుంబ హాజరు విచారణ జరుగుతుందనీ, దాని ఫలితం పిల్ల రికార్డులో శాశ్వతంగా ఉండిపోతుందనీ ఎర్రక్షరాల్లో ఉత్తరం వచ్చింది.

"ఏమండీ, ఇది గ్రీన్‌కార్డుకి అడ్డమొస్తుందా?" అని అడిగింది గిరిజ.

ఆమె భర్త తేజేశ్వర్ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. పదకొండేళ్ళుగా హెచ్-వన్ వీసా మీద, గ్రీన్‌కార్డు లైన్లో ఉన్నాడు. ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండానే, "పిల్ల స్కూల్‌కి లేటుగా వెళ్తే దానికీ గ్రీన్‌కార్డుకీ సంబంధమేంటి గిరిజా?" అన్నాడు.

"సంబంధం లేదని ఎక్కడైనా రాసుందా?"

రాసి లేదు. తేజేశ్వర్ తల ఎత్తాడు.

గిరిజ భయం ఊరికే వచ్చింది కాదు. తెనాలిలో ఇంటర్ రెండో ఏడు చదువుతున్నప్పుడు ఫిజిక్స్ రికార్డులో ఒకే ఒక్క ప్రయోగం కింద లెక్చరరు సంతకం లేదని ఆమెను ప్రాక్టికల్స్‌కి రానివ్వలేదు. ఆ లెక్చరరుకి అప్పటికే బదిలీ అయింది. సంతకం దొరికేలోపు పెళ్ళిసంబంధం దొరికింది. చదువు అక్కడితో సరి. కాగితం మీద ఒక్క గీత తక్కువైతే మనిషి ఎంతదూరం వచ్చి పడుతుందో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

అందుకని ఆమె ఫారం వెనక ఉన్న నిబంధనలు మొదటిసారి వేలు పెట్టుకుని చదివింది. జిల్లా హాజరు అధికారి డాక్టర్ వెండెల్ ప్రూట్ స్వయంగా రాసినవి. నాలుగో నిబంధన ప్రకారం 'రైలు' అనేది అస్పష్టమైన పదం. గేటు లేచే ముందు దాటిన చివరి పెట్టె ఏ రకానిదో, జిల్లా గుర్తించిన ఫొటోల గైడులో అది ఏ పేజీలో ఉందో రాసి, ఫొటో జతపరచాలి. డ్రైవరు ఫోన్ ముట్టుకోకూడదు కాబట్టి ఫొటో పిల్ల తీయాలి. పిల్ల మైనరు కాబట్టి ఆ పెట్టెను తానూ కళ్ళారా చూశానని తల్లి ప్రమాణం చెయ్యాలి. తల్లి డ్రైవరు కాబట్టి తన చూపు రోడ్డు మీంచి కదల్లేదని ఇంకో ప్రమాణం చెయ్యాలి. ఇవన్నీ పిల్లలకే కాదు, ఎనిమిదీ పది దాటాక బడి గడప తొక్కే ప్రతివారికీ వర్తిస్తాయి.

జిల్లా గుర్తించిన గైడు అంటే ఆధునిక సరకు వ్యాగన్లను చూసి పోల్చుకోవడానికి వేసిన ఫొటోల పుస్తకం, నాలుగో కూర్పు. లైబ్రరీలో ఒకే ప్రతి ఉంది. దానికోసం ఎదురుచూసేవాళ్ళలో గిరిజ నంబరు నలభై ఏడు. (బొమ్మల కథల పుస్తకాలన్నీ అరల్లో ఖాళీగా కూర్చున్నాయి.) ఆగలేక ఆన్‌లైన్‌లో తెప్పించుకుంది. నాలుగువందల పేజీలు, పేజీకి రెండేసి పెట్టెలు, ఒక్క మనిషి ఫొటో లేదు. వ్యాగన్ తనంతట తాను కదలదు, ఇంజను ఎటు లాగితే అటు వెళ్తుంది అని మొదటి పేజీలోనే ఉంది. (భర్త వెంట వచ్చిన గిరిజ డిపెండెంట్ వీసాకి కూడా ఇదే వివరణ సరిపోతుంది.)

గిరిజ చదవడం మొదలుపెట్టింది. ఉప్మా కలుపుతూ చదివింది, బట్టలు మడతపెడుతూ చదివింది, మార్జిన్లలో తెలుగులో రాసుకుంది. కవర్డ్ హాపర్ పక్కన 'బొద్దుగా ఉంటుంది, ధాన్యం, కింద మూతులు లెక్కపెట్టాలి'. ఆటోరాక్ పక్కన 'గోడలు జల్లెడ, లోపల కొత్త కార్లు'. ఉక్కు చుట్టలు మోసే కాయిల్ కార్ పక్కన 'మూత పెట్టిన ఇడ్లీ పాత్ర'. ఫిజిక్స్ రికార్డు కూడా ఇంత శ్రద్ధగా రాయలేదు.

గేటు దగ్గర వెనక సీట్లోంచి నైనిక పరీక్ష పెట్టేది.

"నో అమ్మా, అది మామూలు బాక్స్‌కార్ కాదు. చివర మెషీన్ ఉంది చూడు. కోల్డ్ పెట్టేది."

"రీఫర్! నూట పన్నెండో పేజీ. తియ్యి తియ్యి, ఫొటో తియ్యి."

ఆ తర్వాత ఇరవై మూడు ఫారాలు నింపింది. ఇరవై మూడూ ఆమోదం పొందాయి. అనధికార ఆలస్యాల లెక్క తొమ్మిది దగ్గరే ఆగింది. సంగతి గేటు ఇవతలి తల్లులందరికీ పాకింది. పక్క బ్లాకులో ఉండే వరంగల్ అమ్మాయి స్మృతి అయితే గేటు దగ్గర్నుంచే కొడుకు చేత ఫోన్ చేయించి స్పీకర్‌లో మాట్లాడేది.

"గిరిజక్కా, ఇదేం డబ్బనే? గుండ్రంగున్నది, పొడుగున్నది."

"పైన నిచ్చెన ఉందా?"

"ఉన్నదక్కా."

"ట్యాంక్ కార్. రెండొందల ఆరు. నిచ్చెన ఫొటోలో పడేట్టు తియ్యమను వాణ్ణి."

బడి ఆఫీసులో హాజరు చూసే మిసెస్ హాలోరన్‌కి ఇది వరంలా కనిపించింది. ఆమె బల్ల మీద పరిశీలించాల్సిన ఫారాలు మూడువందల పదకొండు పేరుకుపోయాయి. హాపర్‌కీ, పైకప్పు లేని గాండోలాకీ తేడా ఆమెకి ఇప్పటికీ తెలీదు. గిరిజను పిలిపించి, వ్యాగన్ పరిశీలకురాలిగా ఉండమంది. రోజూ గంట పని, జీతం లేదు. (జీతం ఉంటే వీసా ఒప్పుకోదు, లేదు కాబట్టి అమెరికాకి అభ్యంతరం లేదు.) మెడలో వేసుకునే బ్యాడ్జి, చిన్న బల్ల, రెండు ముద్రలు ఇచ్చారు. ప్రతి ఫారం కిందా 'పరిశీలకురాలి సంతకం' అన్నచోట గిరిజ సంతకం ఉండాలి. మొదటిరోజు ఆ సంతకం పెట్టేముందు ఆమె విడి కాగితం మీద ఆరుసార్లు అలవాటు చేసుకుంది.

మూడోవారంలో స్మృతి ఫారం వచ్చింది. హాపర్ అని రాసింది కానీ ఫొటోలో కింది మూతులు కనబడలేదు. గిరిజ వెనక్కి పంపింది.

"సంతకం చేతికొచ్చినంక మమ్మల్ని గుర్తుపడ్తలేవ్ గదక్కా," అంది స్మృతి. "డబ్బల్ని మాత్రం మంచిగ గుర్తుపడ్తున్నవ్."

"మూతులు కనబడాలి స్మృతీ. నేనేం చెయ్యను? రాసుంది."

మర్నాడు వాన పడింది. గేటు దగ్గర నైనిక తడిసిన కారద్దంలోంచి తీసిన ఫొటోలో గోధుమరంగు మరక ఒకటి ఉంది. బడి చేరేసరికి ఎనిమిదీ పద్దెనిమిది. గిరిజ తల్లిగా ఫారం నింపి, బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి కుర్చీలో కూర్చుని, పరిశీలకురాలిగా అదే ఫారం అందుకుంది.

"కాయిల్ కార్ అమ్మా. నువ్వే చెప్పావు. ఇడ్లీ పాత్ర," అంది నైనిక.

"చూశాను తల్లీ. ఫొటోలో లేదు."

మిసెస్ హాలోరన్ అటు తిరిగి ప్రింటరులో కాగితాలు సర్దుతున్నట్టు నటించింది. గిరిజ రెండు ముద్రల వైపూ చూసింది. స్మృతి ఫారం మీద వేసిన ముద్రే తీసింది. 'వివరణ చాలదు.' సంతకం. పదో ఆలస్యం.

విచారణ సోమవారం ఎనిమిదీ పదికి అన్నారు. ఆరోజు సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, గ్రీన్‌కార్డు లైన్లో ఉన్నాడని చూపే ఐ-140 కాగితం కాపీ కూడా జేబులో పెట్టుకుని (ఎందుకో అతనికే తెలీదు) తేజేశ్వర్ వచ్చాడు. బడి వీధిలో ఫారం పడినా సరేనని ఏడున్నరకే వచ్చేశారు. డాక్టర్ ప్రూట్ మాత్రం రాలేదు. ఎనిమిదీ ముప్ఫై నాలుగుకి గొడుగు దులుపుకుంటూ లోపలికొచ్చి, "ట్రెయిన్," అన్నాడు.

గిరిజ పదకొండు పేజీలు ఆయన ముందుకి జరిపింది.

"చివరి పెట్టె ఏమిటండీ?" అని ఇంగ్లీషులో అడిగింది.

"పెద్దది. బ్రౌన్‌గా ఉంది."

తేజేశ్వర్ తెలుగులో గొణిగాడు. "వదిలెయ్ గిరిజా. నువ్వు ఆయన్ని వదిలేస్తే ఆయన మనల్ని వదిలేస్తాడు."

"స్మృతిని వదిలేశానా? నన్ను నేను వదిలేసుకున్నానా?" అని, 'వివరణ చాలదు' ముద్ర వేసి సంతకం పెట్టింది.

మిసెస్ హాలోరన్ గొంతు సవరించుకుని పందొమ్మిదో నిబంధన చదివింది. ఆలస్యానికి తగిన వివరణ ఇవ్వని అధికారి, ఆ సంగతి తేలేదాకా, ఏ విచారణలోనూ కూర్చోరాదు. కావాలంటే అప్పీలు చేసుకోవచ్చు.

"ఎవరికి?" అన్నాడు డాక్టర్ ప్రూట్.

ఆమె పేజీ తిప్పింది. "మీకు."

ఆ సాయంత్రం బడి పోర్టల్‌లో నైనిక పేరు ఎదురుగా కొత్త మాట కనిపించింది. గిరిజ ఫోన్ తీసుకెళ్ళి భర్తకి చూపించింది.

"పెండింగా?" తేజేశ్వర్ కుర్చీలో వెనక్కి వాలి గట్టిగా ఊపిరి వదిలాడు. "పెండింగే కదా. ఇంతకా భయపడ్డాం? ఇది మనకి అలవాటే గిరిజా."

"అమ్మా, పెండింగ్ అంటే?" అంది నైనిక.

"గేటు పడే ఉంది, చివరి పెట్టె ఇంకా రాలేదు అని."

ఆ ఇంట్లో అమెరికా పౌరురాలు నైనిక ఒక్కతే. ఇప్పుడు ఆమె కూడా పెండింగే.