ఆఫీసరు గారి ఆరంకెలు

నవ్వితే నవ్వినారు గానీ మామా, ఆ పొద్దు నేను చేసిందంతా నా పెండ్లాం మంచికే.

ప్రొద్దుటూరులో చిన్న అంగళ్లోళ్లకు ఫోను మోసాల మీద ఒక పూట ట్రైనింగ్ పెట్టినారు. నాది చీరల అంగడి గదా, నేనూ పోయినా. పాఠం చెప్పే ఆర్షియా మేడం శానా గట్టిది. "ఓటీపీ ఎవరికీ చెప్పను" అని మాతో ఇరవైసార్లు అనిపిచ్చింది. నేను ఇరవై రెండుసార్లు అన్యా.

ఇంటికొచ్చి నా పెండ్లాం స్వర్ణలతకు చెప్పినా. "ఏమే, దొంగలు ఆఫీసర్లమని ఫోన్ చేస్తారంట. నువ్వైతే ఇట్టే పడిపోతావు."

మిరపకాయల తొడిమలు తీస్తా, "నేనెందుకు పడతాప్పా?" అనింది.

అంతే, నాకు పురుగు తొలిచింది. ఈమె నిజంగా పడుతుందా, పడదా? చూడాల్సిందే!

కొత్త సిమ్ము కొని, అంగడి ఫోన్లోనే రెండో సిమ్ముగా వేసి, మిద్దెక్కి ఫోన్ చేసినా. గొంతు మార్చి, కోస్తా యాస పెట్టినా.

"హలో అండి! బ్యాంకు ఆఫీసర్ సత్యప్రమాణరావునండి."

"చెప్పండి సార్!"

ఎంత వినయం! పెండ్లయిన పదహారేండ్లలో నన్ను ఒక్కసారన్నా సార్ అనిండ్లేదు.

"మీ ఖాతా మూతపడుతోందండి. ఓటీపీ చెప్పాలండి."

"చెప్తా సార్. మీరు యాడుండారు?"

"మిద్దె... మెయిన్ ఆఫీసులో అండి!"

"గాలి శానా ఉన్నట్టుందే?"

"ఏసీ అండి."

"ఏసీలో కాకులు గూడా అరుస్తాండాయే సార్?"

నేను కాకిని తోలేలోపల మళ్లీ అడిగింది. "మీరు నిజమైన ఆఫీసరేనా? ఐతే మీ ఫోనుకు ఇప్పుడే ఆరంకెల మెసేజ్ వచ్చింటాది. చదవండి, నమ్ముతా."

చూస్తే నిజంగానే వచ్చింది మామా! నేను ఆఫీసరునని ఫోనుకు గూడా తెలిసిపోయిందనుకొని టకటకా చదివేసినా. కింద ఆమె తన ఫోన్లో మా అంగడి నంబరు కొట్టి వాట్సాప్ తెరుస్తాందని నాకేం తెలుసు?

అంగడి వాట్సాప్ నా చేతిలో చచ్చి, ఆమె చేతిలో పుట్టింది.

దడదడా మెట్లు దిగినా. జమ్మలమడుగు మైమూన్‌బీ కూతురి పెండ్లి చీరలు ఆ సాయంత్రమే ఫోటోల్లో చూసి ఖాయం చేస్తానన్యాది. బదులు రాకుంటే ఇంకో అంగడికి పోతాది.

"ఏమే, నా వాట్సాప్ నాకియ్యి!"

"మీరెవరు సార్?"

"నీ మొగుణ్ణి!"

"ఐతే ఓటీపీ చెప్పండి."

నేను బతిమాలుతానే ఉండా, ఆమె మైమూన్‌బీకి ఫోటోలు పంపుతానే ఉంది. నేను ఎవరికీ చూపియ్యకుండా ఇంట్లో పెట్టిన వంకాయరంగు చీరలు చూపిచ్చి, పదకొండు ఖాయం చేసింది.

అంతా అయినాక వాట్సాప్ నా ఫోన్లోకి మార్చిచ్చింది గానీ, దానికి ఒక పిన్ పెట్టి నాకు చెప్పలేదు. అది పిన్ అడిగినప్పుడల్లా నేను ఆమె ముందు నిలబడాల. ఆమె అటు తిరిగి నొక్కతాది.

సంగతి ఆర్షియా మేడం చెవిన పడె. పులివెందుల ట్రైనింగులో స్వర్ణలతతోనే పాఠం చెప్పిచ్చింది. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టి, "ఆ ఆఫీసరు ఈయప్పే" అని చూపిచ్చినారు. అంగళ్లోళ్లంతా కడుపులు పట్టుకొని నవ్విరి.

ఇంతమందిలో మొహమాటానికైనా చెప్పదా అని లేచి నా పెండ్లాన్నే అడిగినా. "మేడం, ఆ పిన్ ఏందో ఇప్పుడన్నా చెప్పండి."

హాలంతా ఒక్కసారే అరిచె:

"చెప్పొద్దమ్మా!"