గంట మోగితే పక్షం మారాలి

ఆ శుక్రవారం ఉదయం పేచీ వేసుకున్న పథకం చాలా చిన్నది. బడికి వెళ్లేలోగా వీధిలో నాలుగిళ్ల తలుపులు తట్టాలి, ఒక్కో ఇంట్లో ఒక్కటే ప్రశ్న అడగాలి, ఆ జవాబులు పట్టుకుని చివరి పీరియడ్‌లో జరిగే చర్చకు వెళ్లాలి. వీధి వీధంతా హడలిపోవాలన్నది ఆ పథకంలో ఎక్కడా లేదు.

పేచీ అన్నది ఆ పిల్ల అసలు పేరు కాదు. పుట్టగానే ఏడుస్తుందని అందరూ ఎదురుచూస్తుంటే ఏడవకుండా, ఊరుకోబెట్టడం మొదలుపెట్టాక ఏడ్చిందని నాయనమ్మ పెట్టిన పేరు. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి అది సార్థకమైంది. నిప్పు కాలుతుందని చెబితే "మీరు ముట్టుకుని చూశారా?" అని అడిగే రకం. అలాంటి పిల్లకు, సైన్సు మాస్టారు ప్రతి శుక్రవారం చర్చల పీరియడ్ మొదలుపెట్టడం అడగకుండా వచ్చిన వరమే అయింది.

అంశం పిల్లలే ఎంచుకోవాలి, పరిశోధన పిల్లలే చేయాలి. శాస్త్రవేత్తలే తేల్చుకోలేక జుట్లు పట్టుకుంటున్న విషయమై ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది గంట. మాట్లాడేవాళ్ల ముందు ఇసుక గడియారం పెడతారు. ఇసుక అయిపోగానే గంట మోగుతుంది. మోగిందంటే, నోట్లో మాట నోట్లో ఉండగానే ఎదుటి పక్షానికి మారిపోయి అంతే గట్టిగా వాదించాలి. "అవతలివాడి వాదన వాడికన్నా బాగా చెప్పగలిగినప్పుడే మీకు సొంత అభిప్రాయం పెట్టుకునే అర్హత" అనేది మాస్టారి సిద్ధాంతం. గంట కొట్టే పని పేచీ స్నేహితురాలు 'సరే'కి ఇచ్చారు. ఎవరేమన్నా సరే అనేస్తుంది కాబట్టి ఆ పిల్ల వాదనకు పనికిరాదు. "ఎవరు మాట్లాడుతున్నా సరే, ఇసుక అయిపోతే కొట్టెయ్" అని మాస్టారు చెప్పారు. సరే అంది.

పెద్ద మేడంకి మాత్రం మొదటి నుంచీ ఈ పీరియడ్ మీద కన్నుంది. ఆవిడ లెక్కల మనిషి. "పరీక్షలో వాదనలు అడగరు మాస్టారూ, లెక్కలడుగుతారు. ఒక్కటంటే ఒక్క ఫిర్యాదు రానివ్వండి, వచ్చే వారం నుంచి ఆ పీరియడ్ నాది" అని అందరి ముందూ చెప్పేశారు. ఆ మాట విన్న దగ్గర్నుంచి పేచీకి అన్నం సయించడం లేదు. ఇంట్లో, వీధిలో, క్లాసులో 'నోరు మూసుకో' అనిపించుకునే పిల్లను నోరు తెరవమని బతిమాలే చోటు ప్రపంచం మొత్తానికి అదొక్కటే.

ఆ వారం అంశం దోమలు. జన్యువులు మార్చిన మగ దోమల్ని వదిలితే, వాటికి పుట్టే ఆడ దోమలు పెద్దవి కాకుండానే చస్తాయి. క్రమంగా దోమలూ తగ్గుతాయి, జబ్బులూ తగ్గుతాయి. అలా వదలవచ్చా, వదిలితే ప్రకృతి ఊరుకుంటుందా అన్నది చర్చ. జనాభిప్రాయం అడిగేటప్పుడు పాటించాల్సినవి మాస్టారు రెండు చెప్పారు. ఒకటి, 'ఎక్కడో వదిలితే' అంటే జనం ఆవలిస్తారు కాబట్టి 'మీ వీధిలో వదిలితే' అని అడగాలి. రెండు, ప్రశ్న తప్ప ఇంకేమీ చెప్పకూడదు, చెబితే జవాబు మారిపోతుంది. రెండూ శాస్త్రీయమైనవే. రెండూ కలిస్తే ఏమవుతుందో ఏ పుస్తకంలోనూ లేదు.

పేచీ మొదట మేడ మీద పిన్ని తలుపు తట్టింది.

"పిన్నీ, ఒక్క ప్రశ్న. జన్యువులు మార్చిన దోమల్ని మన వీధిలో వదిలితే మీకు సమ్మతమేనా?"

పిన్ని నోట్లో బ్రష్షు ఆగిపోయింది. "ఎవరు వదుల్తున్నారే?"

"అది చెప్పకూడదు పిన్నీ."

"ఎందుకు చెప్పకూడదు?"

"చెబితే మీ అభిప్రాయం మారిపోతుంది."

"మారదూ మరి! ఎప్పుడు వదుల్తారు?"

"ఇవాళ చివరి పీరియడ్‌లో మా బడి హాల్లో అంతా తేల్చేస్తాం."

"అమ్మో! కుడతాయా?"

"మగవి కుట్టవు."

"మీద వాలిన దాన్ని మగదో ఆడదో కనుక్కుని కొట్టాలా?"

"పిన్నీ, నాకు బడికి టైమవుతోంది. సమ్మతమా, కాదా?"

పిన్ని తలుపు మూసి గడియ పెట్టింది. ఆ చప్పుడును పేచీ 'తటస్థం' కింద వేసుకుని పక్కింటికి వెళ్లింది.

పిన్ని నోట్లో నువ్వుగింజ నానదు. ఆవిడ నోరు పుక్కిలించేలోపు వాళ్ల చెల్లెలికి తెలిసింది, చెల్లెలి ద్వారా బేకరీ ఆయనకు తెలిసింది. బేకరీ దగ్గర 'బడిలో దోమలు పెంచుతున్నారట' అన్న మాట, బస్టాపు చేరేసరికి 'పెట్టెలకు పెట్టెలు దిగాయట' అయింది. గోరంతను కొండంత చేయడానికి మన మనుషులకు ఒక పూట చాలు, ఆ రోజు అది కూడా పట్టలేదు.

పేచీ వాళ్ల నాన్న దర్జీ. పదిన్నరకు కొట్టు తెరిచేసరికి మెట్ల మీద నలుగురు కూర్చుని ఉన్నారు. నలుగురికీ దోమతెరలే కావాలి, అదీ మధ్యాహ్నం లోపల. గిరాకీ వచ్చినప్పుడు కారణం అడగకూడదన్నది దర్జీ ధర్మం. ఆయన అడగలేదు. మిషను తొక్కడం మొదలుపెట్టాడు. గుండీలు కుడుతున్న నాయనమ్మ మాత్రం ఆ ముఖాలను ఒక్కొక్కటే పరకాయించి చూస్తోంది.

అంతలో పిన్ని వచ్చింది. "బావగారూ, మీ అమ్మాయి ఏం చేస్తోందో మీకు తెలుసా?"

కూతుర్ని ఎవరైనా మెచ్చుకుంటారేమోనని పద్నాలుగేళ్లుగా ఎదురుచూస్తున్న మనిషి ఆయన. ఆ ప్రశ్నలో మెచ్చుకోలే వినిపించింది. "తెలియకపోవడమేంటమ్మా! వారం రోజులుగా తిండీ తిప్పలూ మానేసి ఆ దోమల వెంటే ఉంది. పెట్టె మీదకి తెర నేనే కుట్టిచ్చాను."

"పెట్టె కూడా ఉందా!"

"ఉందమ్మా. లోపలేముందో నాకే చూపించలేదు. గుడ్డ కప్పి తీసుకెళ్లారు."

పిన్ని బెంచీ మీద కూలబడింది. "మగవి కుట్టవంటోంది అత్తయ్యగారూ!" అని నాయనమ్మతో మొరపెట్టుకుంది.

"మా ఇంట్లో మగాడు కుట్టకపోతే పూట గడవదు" అని నాయనమ్మ దారం కొరికింది. "పదవే, నేనూ వస్తాను. దాని సంగతి నాకు తెలుసు. అది దోమల్ని వదిలే రకం కాదు, దోమలతో వాదించే రకం."

చివరి పీరియడ్‌కి హాలు కిటకిటలాడిపోయింది. మామూలుగా వెనక బెంచీల మీద నిద్రపోయే ఇద్దరు తప్ప ఎవరూ రాని చర్చకు వీధికి వీధే కదిలి వచ్చింది. మాస్టారి కళ్లు చెమర్చాయి. "చూశావా అమ్మా, పరిశోధన జనంలోకి వెళ్లింది!" అని పేచీ చెవిలో అన్నారు. వచ్చినవాళ్లంతా ఉక్కపోతలో నిండు చేతుల చొక్కాలు వేసుకుని, ముఖాలకు గుడ్డలు కట్టుకుని ఉన్నారు. బేకరీ ఆయన చేతిలో దోమల మందు డబ్బా ఉంది. ఒకాయన ఏకంగా తెర కప్పుకునే కూర్చున్నాడు. మిగతా తెరలు అందివ్వడానికి దర్జీ కూడా వచ్చాడు. ఆనందంలో మాస్టారికి ఇవేవీ కనబడలేదు. వేదిక మధ్యలో, నల్ల గుడ్డ కప్పిన పెట్టె ఉంది. జనానికి అదొక్కటే కనబడింది.

పేచీ లేచింది. మొదట ఆమెకు పడిన పక్షం 'వదలకూడదు'. గొంతు ఖంగుమంది. "దోమలు పోతే వాటిని తినే కప్పలేం కావాలి? ఒకసారి వదిలిన దాన్ని వెనక్కి పిలవగలమా? మన వీధిని అడగకుండా మన వీధిలో ప్రయోగమా?"

"అదీ, అలా అడుగు తల్లీ!" హాలంతా చప్పట్లతో దద్దరిల్లింది. జన్మలో ఎవరూ తన మాటకు చప్పట్లు కొట్టి ఎరగని పేచీకి ఒళ్లు పులకరించిపోయింది. పిన్ని కళ్లొత్తుకుంది.

ఇసుక అయిపోయింది. సరే గంట కొట్టింది.

పేచీ ఊపిరైనా తీసుకోకుండా అటు తిరిగింది. "అసలు వదలకపోవడమే నేరం! జ్వరాలతో పిల్లలు మంచాన పడుతుంటే కప్పల గురించి ఏడుస్తామా? వదలాలి! ఇవాళే వదలాలి! ఈ వీధితోనే మొదలుపెట్టాలి!"

హాలు ఒక్కసారిగా నోరు వెళ్లబెట్టింది. తర్వాత ఆ నోళ్లన్నీ కలిసి లేచాయి.

"ఇప్పుడేగా వద్దన్నావ్!"

"ఎవరో కొనేశారు పిల్లని! కళ్ల ముందే కొనేశారు!"

"పెట్టె! ముందు ఆ పెట్టె సంగతి చూడండి!"

బేకరీ ఆయన వేదిక మీదకు ఒక్క దూకు దూకి, ఒక చేత్తో మందు కొడుతూ ఇంకో చేత్తో గుడ్డ లాగేశాడు. లోపల పిల్లి అంత దోమ ఉంది. ఎర్రటి కళ్లు, మూరెడు తొండం.

"జన్యువులు మారిస్తే ఇంత అవుతుందా!" అని అరిచి తెరలో ఉన్నాయన తెరతో సహా పడిపోయాడు. బెంచీలు తిరగబడ్డాయి. తలుపు దగ్గర తొక్కిసలాట మొదలైంది. ఆ గోలలో ఒక్క గొంతు మాత్రం స్పష్టంగా వినిపించింది, అది దర్జీది.

"ఆగండాగండి! ఆ కళ్లు నా గుండీలు! పోయిన వారం నుంచి కనబడ్డం లేదు!"

అందరూ ఆగి చూశారు. గుండీలే. కాళ్లేమో విరిగిన గొడుగు ఊచలు, ఒళ్లేమో పాత పేపర్లు.

"నేనే చేశాను. బాగుందా అండీ?" అంది సరే, బెరుగ్గా.

భయం పోతే జనం నవ్వుతారనుకుంటాం. నవ్వరు. అంత భయపడ్డామే అన్న ఉక్రోషం ముందు వస్తుంది. "అయితే పొద్దున్నుంచీ మమ్మల్ని వెర్రివాళ్లని చేశారన్నమాట! మేడం, ఇదిగో ఫిర్యాదు చేస్తున్నాం!" అని పిన్ని, గోల విని వచ్చిన పెద్ద మేడం వైపు తిరిగి చెయ్యెత్తింది. వెనకాలే హాల్లో చేతులన్నీ లేచాయి.

ఒక్క ఫిర్యాదు కోసం నెలల తరబడి కాచుకున్న పెద్ద మేడం హాలంతటినీ తృప్తిగా ఓసారి కలియజూసి, వేదిక ఎక్కి మైకు అందుకున్నారు. అంతా అయిపోయింది, తన వల్లే అయిపోయింది అనుకుంది పేచీ. సరే మాత్రం అలవాటుగా ఇసుక గడియారం తిరగేసింది.

"నేను మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాను" అని మేడం మొదలుపెట్టారు. "ఈ వయసులో పిల్లలకు వివాదాలెందుకు? పెద్దవాళ్లే తేల్చలేనివి వీళ్లు తేలుస్తారా? పుస్తకంలో ఉన్నది చదివితే చాలు. లేనిది అడిగితే ఇదిగో, ఇలాగే తయారవుతుంది. కాబట్టి వచ్చే శుక్రవారం నుంచి ఈ పీరియడ్..."

గంట మోగింది.

మేడం నెమ్మదిగా తల తిప్పి చూశారు. సరే గడియారం చూపిస్తూ, "ఇసుక అయిపోయింది మేడం. ఎవరైనా సరే కొట్టమన్నారు" అంది.

"నాకు కూడానా?"

పేచీకి ఎక్కడలేని ప్రాణం లేచొచ్చింది. "రూలు అందరికీ ఒకటేనని అసెంబ్లీలో రోజూ మీరే చెప్తారు కదా మేడం!"

పిల్లలంతా మేడంనే చూస్తున్నారు. లెక్కల మనిషి కాబట్టి ఆవిడకు నియమం తప్పడం ప్రాణసంకటం. గొంతు సవరించుకున్నారు. "సరే... ఈ పీరియడ్ ఎందుకుండాలంటే..." అని ఆగిపోయారు. తర్వాత, ఎవరూ ఊహించనంత చిన్న గొంతుతో అన్నారు.

"ఎనిమిదో క్లాసులో నేనొక ప్రశ్న అడిగాను. పుస్తకంలో లేదు, కూర్చోమన్నారు. కూర్చున్నాను. మళ్లీ ఎప్పుడూ లేవలేదు. ఆ జవాబు నాకిప్పటికీ తెలీదు."

"ఏం ప్రశ్న మేడం?" అని జనంలోంచి ఎవరో అడిగారు.

"జబ్బు మనిషి రక్తం తాగిన దోమకి, ఆ జబ్బు రాదా అని."

పేచీ ఆగలేకపోయింది. "వస్తుంది మేడం! వాటి ఒంట్లోకీ చేరుతుంది. కానీ వాటికి పెద్దగా బాధ ఉండదు. మోసుకొచ్చి మనకిస్తాయి, అంతే!"

"కొంతమంది మాటలు మోసినట్టు" అని నాయనమ్మ పిన్ని వైపు చూసింది. హాలు గొల్లుమంది. పిన్ని కూడా నవ్వేసింది, వేరే దారి లేక.

మేడం నవ్వలేదు. "ఇంత చిన్న జవాబా! ముప్ఫై ఏళ్లు మోశాను దీన్ని!" అన్నారు. ఆ తర్వాత ఆవిడను ఆపడం ఎవరి తరం కాలేదు. చెంగు బిగించి మరీ వాదించారు. అడగని పిల్లలకు లెక్కలు మాత్రం వస్తాయా అన్నారు. భయపడి తెరలు కొనుక్కునే బదులు ఎవరైనా ఇంకో ప్రశ్న అడిగారా అని జనాన్ని నిలదీశారు. "ఈ పీరియడ్ ఉంటుంది! నేను ఈ బడిలో ఉన్నంత కాలం ఉంటుంది!" అని బల్ల గుద్దారు. చప్పట్లకు కిటికీ రెక్కలు అదిరాయి.

గడియారంలో ఆఖరి ఇసుక రేణువులు జారుతున్నాయి. సరే చెయ్యి గంట వైపు వెళ్లింది. పేచీ ఒక్క అంగలో బల్ల దగ్గరకు వచ్చి, గంట నాలుకను గుప్పిట్లో బిగించి పట్టుకుంది.

"ఇసుక అయిపోయిందే! రూలూ..." అంది సరే.

"చంపేస్తాను" అంది పేచీ. పుట్టాక ఆమె ఒక వాదన మొదలవకుండా ఆపడం అదే మొదటిసారి.

ఇంటికి వెళ్లే దారిలో పిన్ని ఉండబట్టలేక అడిగింది. "ఇంతకీ నీ మనసులో ఏముందే? వదలాలా, వద్దా?"

పేచీ వీధి మలుపు దాకా ఆలోచించింది. "నాకింకా తెలీదు పిన్నీ" అంది. నాయనమ్మ కంగారుగా దాని నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

నాన్న మాత్రం ఎవరికీ అక్కర్లేకుండా పోయిన దోమతెరలన్నీ భుజాన వేసుకుని వెనకే వస్తూ, "వచ్చే శుక్రవారం దేని మీద వాదన తల్లీ? ముందుగా చెబితే గుడ్డ తెప్పించి ఉంచుతాను" అన్నాడు.