చక్కెర లేని కాఫీ యంత్రం

“ఈ జిల్లాలో ఎవరి నోట్లోకైనా ఒక్క పలుకు చక్కెర పోవాలంటే, ముందు మా కార్యాలయాన్ని దాటుకుని పోవాలి!”

మలేషియాలోని ఇపో పట్టణంలో చక్కెర తగ్గింపు కార్యాలయానికి అధిపతి, అందరూ తువాన్ అని, అంటే అయ్యగారని పిలిచే కమరుల్ ఈ ప్రకటన చేసింది సభలో కాదు. రొస్నానీ మరమ్మతుల దుకాణంలో, స్పానర్ల మధ్య ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని. తమ ఆఫీసులో పెట్టబోయే కాఫీ యంత్రాన్ని ముందుగా పరీక్షించడానికి సంఘం వేసుకుని వచ్చాడాయన. అధ్యక్షుడు ఆయనే. లెక్కలు చూసే ఫౌజియా, ప్రచారం చూసే లియోంగ్ సభ్యులు.

రొస్నానీ యంత్రాన్ని మరోసారి గుడ్డతో తుడిచింది. భర్తను చక్కెర జబ్బు తీసుకుపోయాక దుకాణాన్ని ఒంటిచేత్తో నెట్టుకొస్తోంది. ఈ ఆర్డరు పోతే షట్టరు దించేసి కోడలి దగ్గర చేరాలి. కోడలు వంట బాగానే చేస్తుంది. మాటల్లోనే కారం ఎక్కువ.

“రెండు మీటలు తువాన్. ఒకటి చక్కెరతో, ఒకటి చక్కెర లేకుండా.”

“చక్కెర మీటా!” అదిరిపడింది ఫౌజియా. “మా ఆఫీసులో దాన్ని ముట్టుకునేదెవరు?”

“బయటివాళ్లు వస్తుంటారు కదా,” జాలిగా అన్నాడు లియోంగ్. “బలహీనులు!”

ముగ్గురూ చక్కెర లేని మీటే నొక్కారు. ఒక గుక్క తాగారు. ఇంకో గుక్క తాగారు. తువాన్‌కు కళ్లు వాటంతటవే మూసుకున్నాయి.

“ఇదీ కాఫీ అంటే! చక్కెర పోసి జనం దీన్ని చంపేస్తున్నారు గానీ, గింజలోనే ఉంది చూడండి, సహజమైన తీపి!”

“నాలుక శుద్ధంగా ఉంటేనే తెలుస్తుంది తువాన్. నేను చక్కెర మొహం చూసి ఏళ్లయింది,” అంది ఫౌజియా.

“పరీక్ష ఒక్కసారితో సరిపోదు,” అంటూ లియోంగ్ రెండో కప్పు పట్టుకున్నాడు.

రొస్నానీకి అనుమానం వచ్చింది. తనూ ఓ కప్పు పట్టి రుచి చూసింది. కాఫీ కాదది, పాకం! గబగబా యంత్రం తలుపు తీసి చూస్తే మీటల తీగలు తారుమారై ఉన్నాయి. లేదన్న మీటకు చక్కెర పడుతోంది, ఉందన్న మీటకు పడటంలేదు.

నోరు మూసుకుంటే ఆర్డరు ఖాయం. కానీ భర్త గుర్తొచ్చాడు. “చిన్న లోపముంది, ఒక్క నిమిషం,” అని తీగలు సరిచేసి, మళ్లీ అదే మీటతో తలో కప్పూ ఇచ్చింది.

ఫౌజియాకు పొలమారింది. లియోంగ్ కప్పును బల్ల కిందికి జరిపాడు.

“ఏం చేశావమ్మా దీన్ని?” అన్నాడు తువాన్, మొహం చేదుగా పెట్టి.

“బాగుచేశాను తువాన్. ఇందాక మీరు తాగినదాంట్లో చెంచాల కొద్దీ చక్కెర ఉంది.”

ముగ్గురూ మూడు గోడల వంక చూశారు. తువాన్ తన కప్పును పక్కకు నెట్టాడు.

“మొదటి కాఫీలో చక్కెర లేదని సంఘం ఏకగ్రీవంగా తేల్చింది. చక్కెర తగ్గింపు కార్యాలయమే చక్కెర లేదన్నాక ఉందనడానికి నువ్వెవరు? యథాస్థితికి తీసుకురా!”

“మరి జబ్బున్నవాళ్ల గతేం కాను?”

“వాళ్లను ఆ రెండో మీట నొక్కమను!”

అక్కడితో పరీక్ష విజయవంతంగా ముగిసింది.

తారుమారు తీగలతోనే యంత్రం ఆఫీసుకు చేరింది. పొడి నింపడానికి రొస్నానీ వెళ్లిన రోజున రాజధాని నుంచి పెద్దలు వచ్చి ఉన్నారు. చక్కెర లేని మీట ముందు వాళ్లంతా బారులు తీరి, సహజమైన తీపికి మురిసిపోతున్నారు. ఆమె చెవిలో చెప్పిన కిటుకు ప్రకారం ఆఫీసు డ్రైవరు జూసో ఒక్కడే పక్క మీట నొక్కాడు.

“చూశారా!” తువాన్ గొంతు హాలంతా మోగింది. “ఒంట్లో చక్కెర జబ్బు పెట్టుకుని చక్కెర మీట నొక్కుతున్నాడు! జూసో, సాయంత్రంలోగా సంజాయిషీ రాసివ్వు. మమ్మల్ని చూసైనా నేర్చుకో!”

ఆయన చేతిలో మూడో కప్పు పొగలు కక్కుతోంది.

జూసో తన చేదు కాఫీ పట్టుకుని రొస్నానీ పక్కకు చేరాడు.

“ఏం రాయమంటావు చెల్లీ?”

“తప్పయింది, ఇకనుంచి చక్కెర లేని కాఫీయే తాగుతానని రాసెయ్యి అన్నా.”

“అమ్మో, అలా రాస్తే అదే తాగాలి కదా!” అన్నాడు జూసో. “చచ్చిపోతాను!”