విమానంలో హెడ్వికా కత్తెర

ఆ ఉదయం బోరెక్ పెట్టుకున్న పని చాలా చిన్నది. కాఫీ తాగడం, తనిఖీ అధికారి డ్రాహోట గారు వచ్చేలోగా విమానాన్ని ఒకసారి గుడ్డతో తుడవడం, అంతే. ఊరి చివరి షెడ్డులో ఏళ్ళ తరబడి సొంత చేతులతో కట్టుకున్న రెండు సీట్ల విమానం అది. డ్రాహోట గారు ఈరోజు సంతకం పెడితే వచ్చే ఆదివారం ఎగరవచ్చు. పెట్టకపోతే మొరావియాలో మంచు మొదలవుతుంది, ఇక వసంతం దాకా ఆ మాటే ఎత్తనక్కర్లేదు. ట్రాము నడిపి నడిపి రిటైరైన మనిషి బోరెక్. వసంతాల విషయంలో ఈమధ్య కాస్త పీనాసి అయ్యాడు.

ఆఖరి పని లోపలి గోడల పలకలు. పల్చటి ప్లైవుడ్, దానిమీద స్పాంజి, ఆపైన గుడ్డ. గుడ్డ తొడుగులు భార్య హెడ్వికా ఇంట్లో మిషను మీద కుట్టి ఇచ్చింది. బిగించింది మాత్రం బోరెక్. కళ్ళజోడు పోయి నెల దాటింది కనుక చేత్తో తడుముకుంటూ బిగించాడు. బూడిద రంగు మీద ముదురు చుక్కలు, ఎంత హుందాగా ఉన్నాయో అని మురిసిపోయాడు. ఆ కళ్ళజోడు హెడ్వికాయే ఇల్లు సర్దుతూ పారేసిందని రోజూ ఆమెను సాధిస్తూనే ఉన్నాడు.

ఈ పని కోసమే ఆమె తన కత్తెర కూడా ఇచ్చింది. అది వాళ్ళమ్మ దర్జీ కత్తెర. దానితో కాగితం కత్తిరించే ధైర్యం కూడా ఆ ఇంట్లో ఎవరికీ లేదు. అలాంటి కత్తెరతో బోరెక్, పలకల మూలలు గట్టిపరచడానికని గాజు నార, అదే ఫైబర్‌గ్లాస్ గుడ్డ, కత్తిరించాడు. గాజు నార ఎంత పదునునైనా నమిలేస్తుంది. కత్తెర కాస్తా మొద్దుబారిపోయింది. గుట్టుచప్పుడు కాకుండా సానపట్టే అతనికిచ్చి వచ్చాడు. హెడ్వికాకు విమానమంటేనే భయం, షెడ్డులో అడుగుపెట్టదు, ఎలా తెలుస్తుంది లెమ్మనుకున్నాడు.

ఆరోజు అధికారి వస్తున్నారని గసగసాలు కూరి కాల్చిన కొలాచ్ బన్నులు పళ్ళెంలో పెట్టుకుని ఆమె స్వయంగా వచ్చింది. విమానంలోకి తొంగిచూసింది.

"బోరెక్, ఈ పలకలు నువ్వేనా బిగించింది?"

"మరెవరు? ఎలా ఉన్నాయి?"

ఆమె ఏదో అనబోతూ గోడకేసి చూసి ఆగిపోయింది. గోడ మీద పనిముట్ల చెక్క ఉంది. ప్రతి పనిముట్టు ఆకారమూ దానిమీద తెల్ల రంగుతో గీసి ఉంటుంది. ఏ ఆకారం ఖాళీగా ఉన్నా ఆ పనిముట్టు విమానంలో ఉండిపోయినట్టే లెక్క, అది దొరికేదాకా విమానం కదలకూడదు. ఈ నియమం పెట్టిందీ, దాన్ని పెద్దక్షరాలతో గోడకెక్కించిందీ బోరెక్కే. ఇప్పుడు ఆ చెక్క మీద కత్తెర ఆకారం ఖాళీగా ఉంది.

"నా కత్తెరేది?"

బోరెక్ గుడ్డ తీసుకుని, తుడిచిన రెక్కనే మళ్ళీ తుడవసాగాడు. "ఉంటుందిలే. ఇక్కడే ఎక్కడో."

అరుస్తుందనుకున్నాడు. అరిచినా బాగుండేది. ఆమె ముఖం పాలిపోయింది.

"లోపల ఉండిపోయిందా? నువ్వు పైన ఉండగా అది జారి ఏ కడ్డీకో అడ్డం పడితే? చచ్చిపోతావు బోరెక్." పళ్ళెం కిందపెట్టి కళ్ళొత్తుకుంది.

నిజం చెప్పాల్సింది అప్పుడే. కానీ తన ప్రాణం కోసం ఏడుస్తున్న మనిషితో, నీ కత్తెర పాడుచేసింది నేనే అనడానికి గుండె ధైర్యం కావాలి. ఆ సరుకు బోరెక్ దగ్గర లేదు. "ఏడవకు, వెతుకుతాను" అన్నాడు. అక్కడే మునిగాడు.

ఇంతలో డ్రాహోట గారి కారు వచ్చింది. హెడ్వికా ఎదురు పరుగెత్తింది.

"సంతకం పెట్టకండి. లోపల కత్తెర ఉంది."

"ఎంత కత్తెరమ్మా?"

"నా మోచెయ్యంత."

ఆయన కోటు విప్పి కొక్కేనికి తగిలించారు. "పలకలు విప్పండి."

"అంత అవసరమంటారా?" అని నీళ్ళు నమిలాడు బోరెక్.

"నన్నడుగుతారేం? మీరు రాసిందే కదా గోడ మీద."

నెలరోజుల పని ఒక్కో పలకగా ఊడుతూ వచ్చింది. జిగురు పట్టిన చోటల్లా స్పాంజి తునకలైపోతోంది. బోరెక్ తేలు కుట్టిన దొంగలా టార్చి పట్టుకుని, లేని కత్తెర కోసం మహా శ్రద్ధగా వెతుకుతున్నాడు. హెడ్వికా పక్కన నిలబడి "సీటు వెనక చూశావా? సరిగ్గా చూడు" అంటూ తొందరపెడుతోంది.

"ఇక్కడ లేదంటే నేల విప్పాలి" అన్నారు డ్రాహోట గారు. "అక్కడా లేకపోతే రెక్కలు."

బోరెక్ పై ప్రాణాలు పైనే పోయాయి. రెక్కలు విప్పితే ఈ ఏడు కాదు కదా, ఈ జన్మలో ఎగరడు.

"ఆగండి. కత్తెర విమానంలో లేదు. సానపట్టే అతని దగ్గరుంది. నేనే ఇచ్చాను. గాజు నార కత్తిరించాను దానితో."

డ్రాహోట గారు చేతిలోని పలక కిందపెట్టారు.

"మా అమ్మ కత్తెరతోనా?" అంది హెడ్వికా మెల్లగా.

"కొంచెమే కత్తిరించాను."

"నీకోసం నేనేడుస్తుంటే చూస్తూ నిలబడ్డావన్నమాట."

డ్రాహోట గారు మొగుడూపెళ్ళాల మధ్య ఇరుక్కోకుండా విమానమెక్కి కూర్చున్నారు. ఈ గొడవ త్వరగా తెముల్చుకుందామని, నడిపే కర్రను పూర్తిగా వెనక్కి లాగారు. టక్కుమంది. కర్ర సగంలోనే ఆగిపోయింది. మళ్ళీ లాగారు. కదల్లేదు.

ఆయన బోరెక్ చేతిలోని టార్చి లాక్కుని, పలక ఊడిన చోట సీటు వెనక్కి చెయ్యి దూర్చారు. కర్రకు కలిపిన కడ్డీ కీలులో ఇరుక్కున్నదాన్ని పట్టి లాగి వెలుతురులో పెట్టారు. అది కళ్ళజోడు.

"పలక ఉండుంటే ఇది కనబడేది కాదు" అన్నారు.  "కిందికి దిగేటప్పుడు ముక్కు పైకి లేవక, తిన్నగా నేలలోకి పోయేవారు."

 పొద్దుటి నుంచీ పడిన భయం ఈ భయం ముందు ఏపాటిదో తెలిసి, బోరెక్ చక్రం పక్కనే కూలబడ్డాడు. హెడ్వికా కూడా వచ్చి పక్కన కూర్చుని అతని చేతిని గట్టిగా పట్టుకుంది.

"కళ్ళజోడు పారేసింది నేనేనా?" అంది.

"కాదు."

కర్ర అన్ని వైపులకూ పూర్తిగా తిరిగాక, షెడ్డంతా మళ్ళీ వెతికించాక, సానపట్టే అతనికి ఫోను చేసి కత్తెర అక్కడే ఉందని రూఢి చేసుకున్నాక, డ్రాహోట గారు సంతకం పెట్టారు. ఒక కొలాచ్ నోట్లో, ఇంకొకటి జేబులో వేసుకుని వెళ్ళిపోయారు.

హెడ్వికా కళ్ళజోడు తన జాకెట్టు అంచుతో తుడిచి అతని ముక్కు మీద పెట్టింది.

"ఇప్పుడు చూడు. పొద్దున్న చెప్పబోయింది ఇదే."

విప్పకుండా మిగిలింది తలుపు పలక ఒక్కటే. బోరెక్ దగ్గరికెళ్ళి చూశాడు. నెలరోజులుగా చుక్కలనుకుంటున్నవి చుక్కలు కావు, బాతులు. అన్నీ వెల్లకిలా ఎగురుతున్నాయి.