నాలుగో ప్యాసింజరు

జిల్లా ప్రజలకు సంతోషంతో తెలియజేయడమేమనగా, ఇకమీదట ప్రతి టాక్సీలోనూ డ్రైవరు కాక ముగ్గురే ప్రయాణించవలెను. ఈ ఉత్తర్వు 1961లో వచ్చింది. దీని వెనక లోతైన పరిశోధన ఉంది. ఒక పెద్ద అధికారి టాక్సీలో మరి ముగ్గురి పక్కన కూర్చుని పోగా ఆయన చొక్కా ఇస్త్రీ నలిగింది. అంతకుముందు అదే టాక్సీలో పదకొండు మంది మనుషులు, రెండు కోళ్లు ఏళ్ల తరబడి ప్రయాణం చేస్తున్నా ఎవరి దృష్టికీ రాలేదు. ఫిర్యాదు చెయ్యకపోవడం వాళ్ల తప్పే.

హుస్నాబాద్ నుంచి కరీంనగర్‌కు టాక్సీ నడిపే హనుమండ్లు ఉత్తర్వులంటే ప్రాణం పెట్టే మనిషి. రెండెకరాల మెట్ట చెలక అమ్మి పాత విలాయతి కారు కొన్నాడు కనక వేరే దారి కూడా లేదు. ఖాకీ చొక్కా తొడుక్కోమంటే తొడుక్కున్నాడు. కారులో టింక్చరు సీసా పెట్టుకోమంటే పెట్టుకున్నాడు. నడవడి మంచిదని తనను ఎన్నడూ చూడని ఆఫీసరుతో రాయించి తెమ్మంటే అదీ తెచ్చాడు. తెలిసినవాళ్లు రాస్తే చెల్లదట.

ఉత్తర్వు అమల్లోకి వచ్చిన ఒకటో తారీఖున ముగ్గురం ఎక్కాం. భూమి తగాదాలో వాయిదా ఉన్న కిష్టవ్వ, కొడుక్కు సంబంధం ఖాయం చేసుకోబోతున్న బట్టల వ్యాపారి లక్ష్మీరాజం, బదిలీ ఆపించుకోవడానికి పోతున్న నేను. నేను హైస్కూలులో లెక్కలు చెబుతాను. హనుమండ్లు హ్యాండిలు తిప్పి ఇంజను స్టార్టు చేశాడు. అప్పుడు కిష్టవ్వ వేళ్ల మీద మమ్మల్ని లెక్కపెట్టి కారు దిగింది.

"ముగ్గురం పోతె పని గాదు," అంది.

ముగ్గురు కలిసి పని మీద బయలుదేరితే ఆ పని చెడుతుందని తెలియనివాళ్లు మా వైపు లేరు. లక్ష్మీరాజం కూడా దిగాడు. డ్రైవరును కలిపితే నలుగురం కదా అని నేను లెక్కల మాస్టారుగా సూచించాను. పని మీద పోయేవాళ్లనే లెక్కించాలని, కారు నడపడం పని కిందికి రాదని వాళ్లిద్దరూ ఏకగ్రీవంగా తీర్మానించారు. నాకు ఇలాంటి నమ్మకాలు లేవు. అప్పటికి నేనూ దిగి ఉన్నమాట నిజమే, అది కాళ్లు చాపుకోవడానికి.

దీనికి మందు మన పెద్దలు ఎప్పుడో కనిపెట్టారు. నాలుగో మనిషి దొరక్కపోతే ఒక రాయిని తోడు తీసుకుపోవాలి. హనుమండ్లు రోడ్డు పక్క నుంచి గుండ్రటి రాయి తెచ్చి, కడిగి, కారులో పెట్టాడు. కిష్టవ్వ చేతి అలవాటు కొద్దీ దానికి బొట్టు పెట్టింది. బొట్టు పెట్టినదాన్ని కాళ్ల దగ్గర ఉంచలేం కనక సీటు నడుమ కూర్చోబెట్టి మేం ముగ్గురం పక్కకు ఒదిగాం. నా చొక్కా ఇస్త్రీ నలిగింది.

కరీంనగర్ పొలిమేరలో బండ్లు తనిఖీ చేసే నాకా గేటు దగ్గర ఇన్‌స్పెక్టరు వెంకటేశ్వర్‌రావు కారు ఆపాడు. తలలు లెక్కపెట్టాడు, మూడే ఉన్నాయి. అంతటితో వదిలేసేవాడే. కాని ఫారంలో డ్రైవరు వాంగ్మూలానికి ఒక గడి ఉంది. గడిని ఖాళీగా వదలడం ఆయన స్వభావం కాదు. ఎంతమంది ప్యాసింజర్లని అడిగాడు.

ముగ్గురని నోటితో అంటే రాయిని తెచ్చిన ఫలం పోతుంది. హనుమండ్లు వెనక్కి తిరిగి మా మొహాలు చూశాడు. కిష్టవ్వ తల అడ్డంగా ఊపింది.

"నలుగురున్నరు సారూ," అన్నాడు.

చదువుకున్నవాణ్ణి కదా అని ఇన్‌స్పెక్టరు నన్ను అడిగాడు. ఇరవై ఏళ్లుగా పిల్లలకు కూడికలు నేర్పుతున్న నేను కారులోకి చూసి, బదిలీ సంగతి తలుచుకుని, నలుగురమేనని ధ్రువపరిచి సంతకం పెట్టాను. కారును పట్టుకున్నారు. హనుమండ్లు దగ్గర పర్మిట్టు తీసుకున్నారు. రాయిని సాక్ష్యంగా దింపుకున్నారు.

ఆ రోజు మా ముగ్గురి పనులూ చెడ్డాయి. "నడుమ రాయిని దింపిండు గద, మల్ల ముగ్గురమే అయితిమి," అని కిష్టవ్వ కారణం తేల్చింది. ఈ ఆచారంలోని శాస్త్రీయత నాకు అప్పుడే బోధపడింది.

ఇక ఆఫీసులో అసలు ప్రశ్న పుట్టింది. రాయి ప్యాసింజరా, సామానా? ప్యాసింజరైతే ఒకరు ఎక్కువ. సామానైతే సామాన్ల పర్మిట్టు లేదు. రాయి కనక గనులు చూసేవాళ్లు, బొట్టు ఉంది కనక గుళ్లు చూసేవాళ్లు చెరో అభిప్రాయం రాశారు. రాయికి చీటీ కట్టి బీరువాలో పెట్టి తాళం వేశారు. కారుకు తాళం లేదు కనక అందులో కోళ్లు గుడ్లు పెట్టాయి. వారానికోసారి హనుమండ్లు, అతని భార్య యాదవ్వ వచ్చి ఆఫీసు ముందు నిలబడేవారు. చెలక పాయె, కారు పాయె, ఏం తిని బతకాలని యాదవ్వ అడిగేది. గుమాస్తాలు మంచివాళ్లు, ఎండలో నిలబడొద్దని నీడ చూపించేవారు. నేను అటు పోయినప్పుడు ఆమెకు కనబడకుండా రోడ్డు దాటి అవతల నడిచేవాణ్ణి. సిగ్గుపడ్డాను. సిగ్గుపడినా రోడ్డు దాటడం మానలేదు.

నాలుగు నెలలకు వెంకటేశ్వర్‌రావు అధ్యక్షుడుగా ముగ్గురు సభ్యుల విచారణ సంఘం ఏర్పడింది. రాయి కారు ఎక్కిన స్థలాన్ని వాళ్లు స్వయంగా చూడాలి. ఆఫీసు జీపు మరమ్మతులో ఉంది కనక హనుమండ్లు కారునే తుడిపించారు. సాక్షిగా నన్నూ పిలిపించారు, కాని కారులో చోటు ముగ్గురికే కనక నేను మెట్ల దగ్గరే ఆగాను. బయలుదేరే ముందు అధ్యక్షులవారు మెట్ల మీద నిలబడి ఉపన్యసించారు.

"మనం అణుయుగంలో ఉన్నాం. ప్రజలు మూఢనమ్మకాలను విడనాడి ఉత్తర్వులను నమ్మాలి. ముగ్గురంటే ముగ్గురే. అందులో మంచీ లేదు, చెడూ లేదు."

అందరం చప్పట్లు కొట్టాం. ఆయన ఒక కాలు కారులో పెట్టి ఆగాడు. మిగతా ఇద్దరు సభ్యులను చూశాడు. వాళ్లు ఆకాశం చూశారు. ఆయన జవానును పిలిచి, సాక్ష్యం కూడా స్థలానికి రావాలని, బీరువా తెరవమని చెప్పాడు. రాయి వచ్చింది. సభ్యులు పక్కకు ఒదిగి కూర్చున్నారు.

సంఘం పోయిన పని జయప్రదంగా ముగిసింది. హనుమండ్లుకు పర్మిట్టు తిరిగి ఇచ్చారు. ప్రజల మనోభావాలను గౌరవించి, ప్రతి టాక్సీలోనూ ఆఫీసు ముద్ర వేసిన రాయి ఒకటి ఉండాలన్నారు. అది సీటులోనే కూర్చోవాలి. మొత్తం సంఖ్య మాత్రం పాత ఉత్తర్వు ప్రకారం మూడు. రాయి ఒకటి, మనుషులు ఇద్దరు.

మర్నాడు హనుమండ్లు కారు కడిగి, బంతిపూల దండ కట్టి, హుస్నాబాద్ అంగడి దగ్గర నిలబెట్టాడు. యాదవ్వ కొబ్బరికాయ కొట్టింది. ఆ రోజు బండి కదిలితేనే వాళ్లింట్లో పొయ్యి వెలుగుతుందని ఊరందరికీ తెలుసు. కిష్టవ్వ ఎక్కింది, ఆమె వాయిదా ఇంకా తెగలేదు. నేను ఎక్కాను, నా బదిలీ ఇంకా ఆగలేదు. మా నడుమ ముద్ర వేసిన రాయి ఉంది. కిష్టవ్వ వేళ్లు తీసింది. తాను ఒకటి, రాయి రెండు, నేను మూడు.

హనుమండ్లు ఇంజను స్టార్టు చేసి, హ్యాండిలు పట్టుకుని నా వైపు వచ్చాడు.

"గది రాయి, పంతులు సారూ. మనుషులు ఇద్దరే గద. లెక్కల సారువు, జర నువ్వన్న చెప్పు."

యాదవ్వ కూడా నన్నే చూస్తోంది. కాని ఆ రాయిని మనిషి కింద లెక్కకట్టి నేను సర్కారు కాగితం మీద సంతకం పెట్టాను. చదువుకున్నవాడికి మాట మీద నిలకడ ఉండాలి. ఆ రోజు నాకా గేటు దగ్గర ఇన్‌స్పెక్టరు అడిగినా నా నోటినుంచి రాని మాట ఇప్పుడు సులువుగా వచ్చింది.

"ముగ్గురం," అన్నాను.

నేనూ కిష్టవ్వా దిగి కరీంనగర్ వైపు నడక మొదలుపెట్టాం. ఇరవై మైళ్ల పైచిలుకు దూరం. వెనక ఇంజను ఆగిన చప్పుడు వినబడింది, మేం తిరిగి చూడలేదు.

నవ్వుతున్న పాఠకులారా, మీ ఇంట్లోంచి ముగ్గురు పని మీద బయలుదేరినప్పుడు నాలుగోవారి కోసం గుమ్మంలో ఆగనివాళ్లు చేతులెత్తండి. లెక్కపెట్టడానికి నేను సిద్ధంగా ఉన్నాను.