భయపడుటకు దరఖాస్తు

భయపడటానికి కూడా ఒక దరఖాస్తు ఫారం అచ్చయిన రోజున మానవ నాగరికత సంపూర్ణమైందని నా అభిప్రాయం. మా పాలకొల్లులో అది 1984 జూలై పన్నెండో తేదీ, గురువారం, ఉదయం పదిన్నరకు సంపూర్ణమైంది. అంతకుముందు మా ఊళ్ళో ఎవరికి తోచినట్టు వాళ్ళు భయపడేవారు. కొందరు మంచం మీద, కొందరు నరసాపురం బస్సులో. నా భార్య సత్యలక్ష్మి పోపు వేస్తూ కూడా భయపడేది. (భయపడేది అని మర్యాదకు అంటున్నాను. నిజానికి నవ్వేది.)

ఈ అరాచకాన్ని చక్కదిద్దినది సత్పఠన పరిరక్షక మండలి. రెండు జిల్లాల్లోని పఠన మందిరాల నైతిక ఆరోగ్యం ఈ మండలి చూసుకుంటుంది. చూసుకోమని ఎవరూ అడగలేదు కాబట్టి మరింత శ్రద్ధగా చూసుకుంటుంది. ఆచంటలో ఒక పెద్దమనిషి దయ్యం నవల చదువుతూ కుర్చీలోంచి జారిపడ్డాడని, మోచెయ్యి దోక్కుపోయిందని మండలికి తెలిసింది. (కుర్చీకి మూడు కాళ్ళే ఉన్న సంగతి నివేదికలో రాలేదు. అది కుర్చీల శాఖ చూసుకోవలసిన విషయం.)

దాంతో మా శ్రీ విద్యావిలాస పఠన మందిరంలోని రెండువందల పద్నాలుగు దయ్యం నవలలనూ ఒక చెక్క బీరువాలోకి చేర్చి, తలుపు మీద ఎర్ర రంగుతో ‘భయము’ అని రాయించారు. బీరువాకు ఇద్దరు అధికారుల వద్ద రెండు తాళంచెవులు ఉండాలని నియమం. తాళానికి ఉన్నది ఒకటే రంధ్రం. అందుచేత ఒక తాళంచెవితో సగం తిప్పి, తీసి, రెండోదానితో మిగతా సగం తిప్పేవారు.

పుస్తకం కావలసినవారు ‘భ-7’ అనే ఫారం నింపాలి. నేను దాన్ని పట్టుకుని లైబ్రేరియన్ గున్నేశ్వరరావు గారి బల్ల దగ్గరికి వెళ్ళాను.

“ఈ నాలుగో ప్రశ్న ఏంటండి?”

“మీకు దయ్యాలంటే భయమా అని అండి, కాశీవిశ్వనాథం గారూ.”

“అవునని రాస్తే?”

“ఆరోగ్యరీత్యా పుస్తకం ఇవ్వకూడదండి.”

“కాదని రాస్తే?”

“భయపడనివాళ్ళకి భయం పుస్తకం దండగ కదండీ. అవసరమైనవాళ్ళకి ఉంచాలి.”

“అవసరమైనవాళ్ళంటే ఎవరండి?”

“భయపడేవాళ్ళండి.”

“వాళ్ళకి ఇవ్వకూడదన్నారుగా?”

“ఆయ్. అందుకేనండి, బీరువా ఎప్పుడూ నిండుగా ఉంటోంది.”

ఆయన వెటకారం చేయడం లేదు. నిండుగా ఉన్న బీరువా మీద ఆయనకు నిజంగానే గౌరవం. నాలుగో గడి ఖాళీగా వదిలి, ఫారం ఆయన చేతికిచ్చి వచ్చాను.

నేను దయ్యం నవలలు చదివేవాణ్ణి కాదు. రాజమండ్రిలో బి.ఎ. చదివి, ముప్పై ఏళ్ళు ఇత్తడి సామాన్ల కొట్టు నడిపినవాడికి రాత్రిళ్ళు లేచి తిరిగే కపాలాల మీద ఏం ఆసక్తి ఉంటుంది? ఆ ఆసక్తి సత్యలక్ష్మిది. ‘పుర్రెల పేరంటం’, ‘చితి మీద చిలకపచ్చ చీర’ వంటి గ్రంథాలను ఆవిడ వారానికి రెండు చొప్పున చదివేది. ఎందుకు చదువుతావని ఒకసారి అడిగాను.

“దయ్యం పన్నెండింటికి వస్తానంటే పన్నెండింటికే వస్తుందండి. మన ఊళ్ళో ఇంకెవరొస్తారు చెప్పండి? పగబడితే ఎందుకు పగబట్టిందో చెప్పి మరీ పీక నొక్కుతుంది. మీరు మొన్న కరెంటాఫీసుకి వెళ్ళారు, తిప్పి పంపినవాళ్ళు కారణం చెప్పారా?”

చెప్పలేదు. మూడు కిటికీల దగ్గరికి పంపి, మొదటి కిటికీ మూసేశారు. ఆ తరువాత నేను ఆ నవలలను చులకనగా చూడటం మానేశాను.

మా పఠన మందిరంలో ఒక ఆచారం ఉంది. చదివినవాళ్ళు పేజీ అంచున పెన్సిలుతో ఒక మాట రాస్తారు. తరువాత చదివినవాళ్ళు దానికి జవాబు రాస్తారు. ఒక్కొక్క నవల పది చేతులు మారేసరికి, మధ్యలో రచయిత రాసినదానికంటే అంచుల్లో జనం రాసిందే ఎక్కువగా ఉంటుంది. సత్యలక్ష్మి ఈ కళలో ఆరితేరింది. ‘మాఘమాసం చలిలో ఒంటి మీద తెల్లచీరేనా? ఎవరైనా శాలువా ఇవ్వండి పాపం’ అని రాసేది. ‘గడియ వేసుకోకుండా పడుకుని మళ్ళీ కెవ్వుమనడం దేనికమ్మా’ అని నాయికను కేకలేసేది. వాటికింద ఎక్కువగా జవాబులు రాసేది బోర్డు స్కూలు టీచరు దీనమ్మ గారు. ప్రతి ఆదివారం చర్చి నుంచి తిన్నగా వచ్చి ఒక దయ్యాన్ని తీసుకెళ్ళేవారు.

సత్యలక్ష్మి ఆసుపత్రిలో ఉన్నప్పుడు చివరగా చదివిన నవల ‘కపాలానికి కాటుక’. దాన్ని గున్నేశ్వరరావు గారే సైకిలు మీద తెచ్చి మంచం పక్కన పెట్టారు. ఆవిడ పోయిన పదకొండో రోజున ఆయనే వచ్చి తీసుకువెళ్ళారు. (గడువు దాటింది. ఆ సంగతి ఆయన ఎత్తలేదు. ఇంత పెద్ద ఉపకారం నాకు ఏ కార్యాలయమూ చేయలేదు.)

మరో నెలకు దీనమ్మ గారు మా కొట్టుకు వచ్చారు. నాలుగు చెంబులు తిరగేసి చూశారు, ఒక్కటీ కొనలేదు. “కాఫీ మీరే పెట్టుకుంటున్నారాండి? పాలు పొంగకముందే దింపాలి, గుర్తుంచుకోండి” అని చెప్పి వెళ్ళిపోయారు. చెంబులకూ దానికీ సంబంధం ఏమిటో నాకు బోధపడలేదు. కానీ ఆ రోజు నుంచి మా ఇంట్లో పాలు పొంగిపోలేదు.

రెండేళ్ళు ఆ నవల తెరవడానికి నాకు చెయ్యి రాలేదు. తీరా ఈ జూలైలో దీనమ్మ గారు బజారులో కనిపించి, “నూట పన్నెండో పేజీలో మీ గురించి రాశారండి ఆవిడ. అక్కడితో ఆగిపోయింది. ఏం రాశారో నేను చెప్పను, మీరే చూసుకోండి” అన్నారు. మర్నాడు వెళ్ళాను. బీరువాకు తాళం వేసి ఉంది. ‘భయము’ అన్న అక్షరాలు ఇంకా తడిగా ఉన్నాయి.

ఇంతలో మండలివారు పందొమ్మిదో నియమం పంపారు. పెన్సిలు రాతలున్న నవలలు రోగగ్రస్తమైనవిగా భావించి, ఆగస్టు ముప్పై ఒకటిన అట్టల తయారీకి పంపివేయాలి. అయితే రాసినవారు స్వయంగా హాజరై, సంజాయిషీ ఇచ్చి, మండలివారు సరఫరా చేసిన రబ్బరుతో చెరిపిన పక్షంలో పుస్తకాన్ని క్షమించవచ్చు.

దీని అమలుకు పెద్దాపురం నుంచి భయ పరిశీలనాధికారి కుక్కుటేశ్వరరావు గారు వచ్చారు. ఆయన పని ప్రతి నవలనూ స్వయంగా చదివి, అల్ప భయం, మధ్యమ భయం, ఘోర భయం అని ముద్ర వేయడం. మొదటి వారం ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ అసహ్యంగా చదివారు. రెండో వారం టిఫిన్ క్యారియరు విప్పడం మరిచిపోయారు. మూడో వారం నుంచి తలుపు వేసుకుని చదివారు. లోపలి నుంచి అప్పుడప్పుడు ఉక్కిరిబిక్కిరయ్యే దగ్గు వినిపించేది. గున్నేశ్వరరావు గారు దాన్ని దగ్గుగానే నమోదు చేశారు. ఎందుకంటే భయ రిజిస్టరులో నవ్వుకు గడి లేదు.

ఆగస్టు ఇరవయ్యో తేదీన మా ఇంటికి నోటీసు వచ్చింది.

‘శ్రీమతి సత్యలక్ష్మి గారికి. తాము “కపాలానికి కాటుక” అను గ్రంథమున ముప్పదియెనిమిది చోట్ల వ్యాఖ్యలు వ్రాసినట్లు చేతివ్రాతను బట్టి రూఢి అయినది. ఈ నెల 30న ఉదయం 11 గంటలకు స్వయముగా హాజరు కావలెను. రానిచో గ్రంథము ధ్వంసము చేయబడును.’

నోటీసు పట్టుకుని కుక్కుటేశ్వరరావు గారి దగ్గరికి వెళ్ళాను.

“ఆవిడ పోయి రెండేళ్ళయిందండి.”

“అయ్యో పాపం. ఎలా జరిగిందండి?” అన్నారాయన, నిజంగానే బాధపడుతూ. నేను చెప్పాను. అంతా విని, ప్యూనును పిలిచి మంచినీళ్ళు ఇప్పించి, “అయితే ముప్పయ్యో తారీకున పదకొండింటికి రమ్మనండి” అన్నారు.

“పోయారన్నానండి.”

“విన్నానండి. కానీ నియమంలో స్వయంగా అని ఉంది. బతికుండగా అని లేదు. లేనిది నేను చేర్చలేను.”

“ఆవిడ బదులు నేను చెరుపుతానండి.”

అన్నాను గానీ, అనగానే నాలుక కరుచుకున్నాను. అదృష్టవశాత్తూ ఆయన ఒప్పుకోలేదు.

“మీ చేతిరాత వేరండి. ఒకరి రాత ఇంకొకరు చెరపడం ఫోర్జరీ కిందకి వస్తుంది.”

ముప్పయ్యో తేదీ కూడా గురువారమే. మనిషిని పిలిస్తే రాని ఊళ్ళో దయ్యాన్ని నోటీసిచ్చి పిలిచారని తెలిసి, పఠన మందిరం పదింటికే నిండిపోయింది. గున్నేశ్వరరావు గారు ఒక కుర్చీ తుడిచి ఖాళీగా వేశారు. నేను దాని పక్కనే, మొదటి వరసలో కూర్చున్నాను. దీనమ్మ గారు స్కూలుకు సెలవు పెట్టి వచ్చి నా వెనక కూర్చున్నారు. బల్ల మీద ‘కపాలానికి కాటుక’, దాని మీద కొత్త రబ్బరు. బీరువాకు వేసిన తాళం వేసినట్టే ఉంది.

పదకొండు కొట్టగానే కుక్కుటేశ్వరరావు గారు లేచి, కోర్టు పద్ధతిలో పిలిచారు.

“శ్రీమతి సత్యలక్ష్మి గారూ!”

ఎవరూ పలకలేదు.

“శ్రీమతి సత్యలక్ష్మి గారూ!”

కరెంటు పోయింది. (రోజూ పదకొండింటికే పోతుంది.) ఫ్యాను నెమ్మదించి ఆగింది.

“శ్రీమతి సత్యలక్ష్మి గా...”

భయం బీరువాలో ఢామ్మని చప్పుడైంది.

లోపల పై అర విరిగిందని నాకు తరువాత తెలిసింది. చెదపట్టిన అర మీద అన్నేసి నవలలు మోపితే ఏ అరైనా ఏం చేస్తుంది? ఆ నిమిషంలో మాత్రం హాలంతా బిగుసుకుపోయింది. కుక్కుటేశ్వరరావు గారు కూర్చుని, రెండు పాదాలూ కుర్చీ మీదకు తీసుకున్నారు. (అధికారి పాదాలు నేలమీదే ఉండాలన్న నియమం ఎక్కడా లేదు.)

దీనమ్మ గారు గొంతు సవరించుకున్నారు.

“వచ్చినట్టున్నారండి. రాసుకోండి.”

“ఏంటండి రాసుకునేది?” అన్నారాయన, సన్నగా.

“మూడుసార్లు పిలిచారు. జవాబొచ్చింది. రాసుకోరా మరి? రాసుకోకపోతే ఇంకోసారి పిలవాలేమో.”

ఆయన చటుక్కున కలం తీసి ‘హాజరు’ అని రాశారు.

అక్కణ్ణుంచి విచారణ క్రమం తప్పకుండా నడిచింది. ఆయన ఖాళీ కుర్చీ వైపు తిరిగి అభియోగాలు చదివారు. శాలువా సంగతి చదివారు. గడియ సంగతి చదివారు. ‘ఈ మాంత్రికుడికి పుర్రె దొరికింది గానీ బుర్ర దొరకలేదు’ అన్నది చదువుతుండగా ఆయనకు దగ్గు వచ్చింది. ఈసారి తలుపు వేసి లేదు కాబట్టి అది ఏ దగ్గో ఊరంతా చూసింది. ముందు దీనమ్మ గారు నవ్వారు, తరువాత హాలంతా నవ్వింది. సత్యలక్ష్మి జోకులకు జనం నవ్వడం నేను రెండేళ్ళ తరువాత విన్నాను. ఆవిడ ఉండగా వంటింట్లో నేనొక్కణ్ణే వినేవాణ్ణి, అదీ పేపరు చదువుతూ.

“ఇట్లు వ్రాయుటకు తమ సంజాయిషీ ఏమి?” అని ఆయన కుర్చీని అడిగారు.

కుర్చీ ఏమీ అనలేదు.

“సంజాయిషీ రాతపూర్వకంగా ఇచ్చే ఉన్నారండి,” అన్నారు దీనమ్మ గారు. “నూట పన్నెండో పేజీ చూడండి.”

ఆ పేజీలో కథ ప్రకారం, చనిపోయిన ఇల్లాలు రోజూ తెల్లవారుజామున లేచి వచ్చి మొగుడికి కాఫీ పెట్టి వెళుతుందట. దాని అంచున ఉన్నది కుక్కుటేశ్వరరావు గారు పైకి చదివారు.

‘చచ్చాక కూడా కాఫీ పెట్టాలా? నేనైతే రాను బాబూ. మా ఆయనే నేర్చుకోవాలి. పాలు పొంగకముందే దింపాలని ఆయనకి తెలీదు. ఇది చదివినవాళ్ళు ఎవరైనా కాస్త చెప్పండి.’

దాని కింద మరో చేతిరాతలో రెండు ముక్కలున్నాయి. ‘చెప్పానండి. దీనమ్మ.’

నేను వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఇద్దరికీ ఇబ్బంది. కరెంటు వచ్చి ఫ్యాను తిరిగింది. కుక్కుటేశ్వరరావు గారు కళ్ళద్దాలు తుడుచుకుని, పాదాలు నేలమీద పెట్టి, రబ్బరును ఖాళీ కుర్చీ ముందు ఒక నిమిషం ఉంచి, వెనక్కి తీసుకున్నారు. ఆ పిమ్మట తీర్పు రాసి గట్టిగా చదివారు.

‘వ్యాఖ్యాత స్వయముగా హాజరైనారు. సంజాయిషీ సంతృప్తికరము. రబ్బరు అందించగా స్వీకరించుటకు నిరాకరించినారు. బలవంతము చేయు అధికారము మాకు లేదు. గ్రంథమును వారి కార్డు మీదనే జారీ చేయడమైనది.’

గున్నేశ్వరరావు గారు కార్డు మీద ముద్ర వేసి, పుస్తకాన్ని ఖాళీ కుర్చీలో పెట్టారు. జనం వెళ్ళాక నేను తీసుకున్నాను.

ఇంటికి వచ్చి, కాఫీ పెట్టుకుని, నూట పదమూడో పేజీ నుంచి చదివాను. సత్యలక్ష్మి ఆపిన చోటు నుంచి అంచుల్లో ఇంకెవరో రాస్తూ వచ్చారు. ‘ఇచ్చట దయ్యము అరగంట ఆలస్యముగా వచ్చినది. సంజాయిషీ కోరవలెను.’ ‘కపాలమునకు కాటుక పెట్టుటకు కన్ను ఏది?’ నోటీసులో ఉన్న చేతిరాతే. (నియమంలో పెన్సిలు అనే ఉంది. ఎర్ర సిరా గురించి ఏమీ లేదు.)

సత్యలక్ష్మి కార్డును మండలివారు 1990 దాకా పొడిగించారు. నేను జూలైలో నింపిన భ-7 మాత్రం తిరిగి వచ్చింది. ఆగస్టు ముప్పయ్యో తేదీ విచారణకు దరఖాస్తుదారు హాజరైనట్లు ఎట్టి ఆధారమూ లేదని, కనీసం చప్పుడు కూడా చేయలేదని అందులో రాసి ఉంది.